సగం చిమ్మిన వాకిళ్ళు

బొగ్గు ఓడను ఒడ్డుకు రానివ్వకుండా చీపురుకట్టతో వెనక్కి తోలిన ఆడమనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉందా అంటే, ఒక్క గవ్వలపాలెం సుబ్బాయమ్మే ఉంది. అది మామూలు ఓడ కాదు, డెబ్బై వేల టన్నులది. ఏడంతస్తుల మేడంత ఎత్తు. దాని కెప్టెను దుర్భిణి పెట్టి చూసి, ఒడ్డున చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, చుక్కాని తిప్పుకుని వచ్చిన దారినే పోయాడు. ఈ మాట ఎక్కడైనా చెప్పుకోండి. అడ్డం చెప్పేవాడుంటే నా దగ్గరకు పంపండి.

ఇక జరిగింది చెబుతాను.

గవ్వలపాలెం సముద్రం ఒడ్డున అరవై నాలుగు గడపల పల్లె. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. పచ్చివి అమ్ముడుపోగా మిగిలినవి ఇసుక మీద పాత వలలు పరిచి ఎండేస్తారు. సుబ్బాయమ్మకు పచ్చి చేపల బేరం లేదు. ఆమెది ఎండు నెత్తళ్ళ బేరమే. కాపురానికి వచ్చిన ఏడాది అత్తగారు నెత్తిన పెట్టిన గంప, యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా దింపలేదు. మొగుడు పోయినా దింపలేదు. కూతుళ్ళిద్దరి పెళ్ళిళ్ళూ ఆ గంపలోంచే అయ్యాయి.

వారానికోసారి ఆటో ఎక్కి, తర్వాత బస్సెక్కి, మండపేటలో భీమరాజు కొట్టుకు సరుకు వేసి వస్తుంది. మండపేట రైసు మిల్లుల్లో కూలీలకు మధ్యాహ్నం క్యారేజీలో నెత్తళ్ళ ఇగురు లేకపోతే బస్తా లేవదని అక్కడ చెప్పుకుంటారు. గవ్వలపాలెం నెత్తళ్ళంటే పంటికింద ఇసక తగలదని ఇంకో మాట కూడా చెప్పుకుంటారు. ఆ పేరు తెచ్చింది సుబ్బాయమ్మే. శుభ్రం అంటే ఆమెకు పిచ్చి. కాకి ముక్కు పెట్టిన చేపనే కాదు, కాకి తేరిపార చూసిన చేపను కూడా ఏరి పారేసే మనిషి.

ఏడేళ్ళ కిందట పల్లెకు దక్షిణాన, అర కిలోమీటరు దూరంలో, బొగ్గు యార్డు వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల కొండలు తవ్వి తీసిన బొగ్గు అది. ఓడ మీద రేవుకొస్తుంది, యార్డులో ఏటికేడు ఇంకా ఎత్తు గుట్టలు పడుతుంది, అక్కణ్ణించి లారీలెక్కి కరెంటు ఫ్యాక్టరీలకూ బట్టీలకూ పోతుంది. చలికాలమంతా గాలి ఉత్తరం నుంచి కాబట్టి దుమ్ము అవతల ఉప్పుమడుల మీదికి పోతుంది. సంక్రాంతి వెళ్ళి గాలి దక్షిణానికి తిరిగిందా, దుమ్మంతా గవ్వలపాలెం మీదే. నెత్తళ్ళు గలగలలాడేట్టు ఎండేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కనబడదు. ఆరేసిన చీర తీస్తే దండెం ఎక్కడ తగిలిందో అక్కడే తెల్లగా ఉంటుంది. పల్లెకు పెద్ద అయిన పెదబాబు తన తెల్లకోడి నల్లగుడ్డు పెట్టిందని కూడా అంటాడు గాని, ఆయన చూపు ఈమధ్య అంత బాగోలేదు.

ఆ ఏడు గాలి తిరిగిన రెండో వారంలో సుబ్బాయమ్మ మండపేట వెళ్ళేసరికి భీమరాజు బల్ల మీద ఒక స్టీలు గిన్నె మూతపెట్టి ఉంది.

"పిన్నిగారూ, మీరేం అనుకోకండి," అన్నాడు భీమరాజు. "నిన్న మిల్లు మేస్త్రి ఒచ్చి ఈ గిన్నె ఇక్కడ పెట్టి ఎల్లేడు. ఆయనా ఏం మాటాళ్ళేదు, నేనూ ఏం మాటాళ్ళేదు. మీరే చూడండి."

మూత తీస్తే, నెత్తళ్ళు కడిగిన నీళ్ళు. కాటుక కలిపినట్టున్నాయి.

"ఇది నా సరుకేనా?"

"మీదేనండి. వేరేవాళ్ళ సరుకు నా కొట్లో ఎప్పుడన్నా చూసేరా?"

సుబ్బాయమ్మ గిన్నె ఎత్తి వెలుతురులో చూసింది. వేలు ముంచి చూసింది. వేలు చీరకు తుడుచుకోబోయి ఆగి, కాగితానికి తుడుచుకుంది.

"ఏమంటావు మరి?"

"ఉన్న సరుకూ, ఉగాది దాకా ఒచ్చేదీ ఎలాగోలా అమ్మేస్తానండి. ఉగాది ఎల్లేక తెచ్చే గంప కూడా ఇలాగే ఉంటే మాత్రం ఇంకో చోట్నించి దించుకోవాలండి. పదిహేనేళ్ళయింది మీ చేతి సరుకు తీసుకోబట్టి. ఈ మాట అనడానికి పొద్దుట్నించీ నాకు టిఫిను దిగలేదు. కానీ తినేవోడు గిన్నెలోకి చూస్తాడు కదండి."

"చూడాలి కూడా," అంది సుబ్బాయమ్మ.

తిరుగు బస్సులో ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని లెక్క వేసుకుంది. వేరే చోట ఎండేద్దామంటే పల్లెకు ఉత్తరాన కాలవ, పడమట రొయ్యల చెరువులు, తూర్పున సముద్రం. ఉన్న ఇసుక అదొక్కటే. ఆ ఇసుక పోతే గంప పోయినట్టే. గంప పోతే తను ఇంకేం చేస్తుందో ఎంత ఆలోచించినా తట్టలేదు, ఎందుకంటే ఇంకేదీ ఎప్పుడూ చేసి ఎరగదు.

మర్నాడు చేపల వేలంపాట పాడే రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. పెదబాబు సుబ్బాయమ్మకు వరసకు బావగారు. బొగ్గు కంపెనీ దగ్గరకు అప్పటికి మూడుసార్లు వెళ్ళొచ్చిన మనిషి. మొదటిసారి వెళితే కంపెనీ వాళ్ళు పల్లెకు ప్లాస్టిక్ కుర్చీలిచ్చారు. రెండోసారి గంగమ్మ గుడికి రంగు వేయించారు. మూడోసారి ఇంటికో కుక్కరు ఇచ్చారు.

"నాలుగోసారి ఎల్తే ఫ్రిజ్జులిస్తారు బావగారు," అన్నారెవరో వెనకనుంచి.

"ఇస్తే తీసుకుందాం. నల్ల రంగుది ఇమ్మని అడుగుదాం, తుడుచుకునే పనుండదు," అన్నాడు పెదబాబు.

కుర్రకారు లారీలకు అడ్డంగా వలలు కట్టేద్దామన్నారు. ఆ మాటకు మెర్సీ లేచింది. మెర్సీ ఆ పల్లెకు ఆశా వర్కరు. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నాళ్ళుగా దగ్గు ఉందో రెండేళ్ళుగా ఒక నోటుబుక్కులో రాస్తోంది.

"వలలు కడితే మీమీద కేసు కడతారు. అప్పుడు దుమ్ము సంగతి పోయి కేసు సంగతి మాటాడుకోవాలి. నాకు రాత ఒచ్చు, మీకు సంతకాలొచ్చు. కాలుష్యం ఆఫీసుకి కాయితం పెడదాం. గడపకో సంతకం. ఒక్క గడప కూడా తగ్గకూడదు."

"కాయితానికి అంత బలం ఉందా పిల్లా?" అంది సుబ్బాయమ్మ.

"కుర్చీల కన్నా ఉంది పిన్నీ. ఇంకోటి చెప్పనా, ఈ బాధ మనదొక్కళ్ళదే కాదు. ఈ బొగ్గు తవ్వేచోట ఇంకా ఘోరం. ఫోన్లో చూసేను. గని పక్క ఊళ్ళో ఒకావిడ అరటాకు తుడుస్తుంది, తుడుస్తుంది, అది నల్లగానే ఉంటుంది."

"ఏ ఊరు?"

"నాకు నోరు తిరగలేదు."

"పేరెందుకులే. ఆవిడక్కూడా భీమరాజు లాంటోడు ఒకడుండే ఉంటాడు," అంది సుబ్బాయమ్మ. మొదటి సంతకం ఆమే పెట్టింది. రెండు రోజుల్లో అరవై నాలుగు గడపల సంతకాలూ పడ్డాయి. కాగితం వెళ్ళింది, రసీదు వచ్చింది. మూడు వారాలకు జవాబు కూడా వచ్చింది. ఫలానా గురువారం పదకొండు గంటలకు అధికారి సత్యప్రసాద్ గారు స్వయంగా తనిఖీకి వస్తారు. నియమం ప్రకారం ఆ ఉత్తరం నకలు కంపెనీకి కూడా వెళ్ళింది.

ఇక్కడే గవ్వలపాలెం తప్ప ఇంకే ఊరూ చెయ్యని పని గవ్వలపాలెం చేసింది.

బుధవారం పొద్దున సుబ్బాయమ్మ బకెట్టు పట్టుకుని వీధిలోకి వచ్చింది. "రేపు ఆఫీసరుగారు మన గుమ్మాల్లోకి ఒస్తున్నారు. ఈ మసి మొహాలు చూపిస్తామా?" అంది. అంతే. ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. ఇంటికి మనిషి వస్తున్నాడంటే కడగడమే వాళ్ళకు తెలుసు. మెర్సీ ఉంటే అడ్డుపడేదేమో గాని, ఆమె ఆ రెండు రోజులూ ఆస్పత్రిలో ట్రైనింగుకి వెళ్ళింది.

గచ్చులు కడిగారు. అరుగులు కడిగారు. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తుడిచారు. ఇసుక మీది నెత్తళ్ళు ఎత్తి రెండు నీళ్ళు పోసి కడిగి ఇళ్ళల్లో నులక మంచాల మీద ఆరబోశారు. వీధిలో కొబ్బరిచెట్లు చేతికందినంత మేర కడిగారు. పెదబాబు గారి తెల్లమేకను సర్ఫు వేసి కడిగారు. నవ్వకండి, ఇది జరిగిందే. ఆ మేక తర్వాత మూడు రోజులు ఆడవాళ్ళను దగ్గరకు రానివ్వలేదు. గురువారం తెల్లారేసరికి గుమ్మం గుమ్మానికీ ముగ్గులు, ముగ్గుల మధ్య బంతిపూలు.

అవతల యార్డు వాళ్ళు కూడా తెల్లారుజామునే ట్యాంకర్లతో నీళ్ళు కొట్టారు. గుట్టల మీద టార్పాలిన్ పట్టాలు కప్పారు. ఆ రోజు ఒక్క లారీ తిరగలేదు.

పదకొండు గంటలకు సత్యప్రసాద్ గారు జీపు దిగారు. కళ్ళజోడు మనిషి, మాట నెమ్మది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు.

"చాలా శుభ్రంగా ఉందమ్మా మీ ఊరు. నేను తిరిగిన పల్లెల్లో ఇంత శుభ్రం ఎక్కడా చూళ్ళేదు," అన్నారు.

"ఆయ్, అలవాటండి," అంది సుబ్బాయమ్మ. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకు చాలా సంతోషం వేసింది.

ఆయన సుబ్బాయమ్మ ఇంటి కిటికీ గట్టు మీద వేలితో గీసి, వేలు చూసుకున్నారు. "మరి దుమ్మేదమ్మా?"

సుబ్బాయమ్మ సంతోషం అక్కడితో దిగిపోయింది. వెనకాల యార్డు మేనేజరు సురేంద్ర చేతులు కట్టుకుని నిలబడి, "మేం రోజూ ఇలాగే నీళ్ళు కొడతామండి," అన్నాడు. సత్యప్రసాద్ గారు కొబ్బరినీళ్ళు తాగి, చూసింది చూసినట్టు రాసుకుని, జీపెక్కారు.

సాయంత్రం మెర్సీ వచ్చి వీధి మొదట్లోనే నిలబడిపోయింది. మేకను చూసింది. ముగ్గులు చూసింది.

"కడిగేసేరా?"

"ఆఫీసరుగారు ఒస్తున్నారని..." అన్నారెవరో.

"దొంగలు పడ్డారని కంప్లైంటిచ్చి, పోలీసులొచ్చేలోపు తలుపు బాగుచేయించి రంగులేసినట్టుంది. ఎవరిదీ బుర్ర?"

అందరూ సుబ్బాయమ్మ వైపు చూశారు. పెదబాబు మాట మళ్ళించబోయాడు గాని సుబ్బాయమ్మ ఊరుకోలేదు. "నాదే," అంది. లోపలికి పోయి, మంచం మీది నెత్తళ్ళను చేత్తో కదుపుతూ కూర్చుంది. రెండు నీళ్ళు పోసి కడిగిన సరుకు మళ్ళీ మెత్తబడి వాసన పట్టింది. అమ్మడానికి పనికిరాదు. ఉగాదికి ఇంకా నెల రోజులుంది.

మర్నాడు పొద్దున ఆమె చీపురు పట్టి వాకిలి చిమ్మడం మొదలుపెట్టింది. నిన్న అద్దంలా కడిగిన గచ్చు మీద అప్పుడే పలచగా నల్లటి పొర. సగం చిమ్మి ఆగింది. ఎండు చేపల పనిలో ఒక పద్ధతుంది. ఎండ సరిగా తగిలిందో లేదో తెలియకపోతే వల మీద సగం చేపలు తిప్పి, సగం తిప్పకుండా వదిలేస్తారు. మధ్యాహ్నం పక్కపక్కన చూస్తే ఏది ఎంత ఎండిందో కంటికే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. సుబ్బాయమ్మ గచ్చు వైపు చూసింది. చిమ్మిన సగం తెల్లగా, చిమ్మని సగం నల్లగా ఉంది. చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది.

"ఏంటొదినా, నడుం పట్టేసిందా?" అంది పక్కింటి వీరవేణి.

"లేదు. ఈ సగం ఇంక చిమ్మను."

వీరవేణి భయపడింది. అక్కడ వాకిలి చిమ్మకుండా వదిలేయడం ఒక్కప్పుడే, ఇంట్లో మనిషి పోయినప్పుడు. "లచ్చిందేవి గుమ్మంలోకి ఎలా ఒస్తుందొదినా? సగం లోపలా సగం బయటా కూర్చుంటుందా?"

"లచ్చిందేవి మొన్ననే మండపేటలో నాతో బస్సు దిగింది. ఇంటిదాకా రాలేదు."

ఆ మాట మీద వీరవేణి కూడా సగం చిమ్మి వదిలేసింది. మూడో రోజుకు ఇరవై ఇళ్ళు, ఐదో రోజుకు యాభై. కొందరికి సుబ్బాయమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పుకోవలసి వచ్చింది, కొందరు కోపంగా తలుపేసుకున్నారు కూడా. అందరికన్నా ఆఖరున ఒప్పుకున్నది పెదబాబు భార్య. ఆవిడ సరే అన్నాక పెదబాబే సున్నం డబ్బా పట్టుకుని వీధి పొడుగునా ప్రతి గచ్చుకీ మధ్యలో గీత గీశాడు. గీతకు ఇటు చిమ్మి ముగ్గు, అటు ఉన్నది ఉన్నట్టు.

ఏడో రోజున పెదబాబు మేనత్త ఒకావిడ పక్క పల్లె నుంచి వచ్చింది. వీధి మొదట్లో చిమ్మని వాకిళ్ళు చూసి గుండెలు బాదుకుని ఏడుపు అందుకుంది. ఎవరు పోయారో తెలీదు కాబట్టి పేరు లేకుండానే ఏడుస్తూ నడిచి, ఏ ఇంటి దగ్గర జనం ఉంటే అక్కడ పేరు కలుపుదామని చూసింది. ఎవరూ పోలేదని చెబితే, ఇంత ఏడుపు వృథా చేశారని పెదబాబును తిట్టి, కాఫీ తాగి వెళ్ళింది.

చిమ్మిన సగం మీద పగలంతా పడ్డ దుమ్మును సాయంత్రం మెత్తటి కుంచెతో ఎత్తి కవర్లో వేసేవారు. మెర్సీ దాని మీద ఇంటి పేరు, తేదీ, ఆ రోజు గాలి ఎటు నుంచో రాసేది. సుబ్బాయమ్మ చేపల కాటా మీద తూచేది. ఒక్కో ఇంటిది గుప్పెడు కూడా ఉండేది కాదు. తొమ్మిది రోజులయ్యాక అరవై నాలుగు ఇళ్ళవీ ఒక్కచోట చేరిస్తే గంప నిండింది.

పదో రోజు పొద్దున్నే ఆ గంప నెత్తిన పెట్టుకుని సుబ్బాయమ్మ ఆఫీసుకు పోయింది. వెంట మెర్సీ, నోటుబుక్కు.

"నెత్తళ్ళు తెచ్చారామ్మా?" అన్నారు సత్యప్రసాద్ గారు నవ్వి.

"కాదండి. తమరు మొన్న మా కిటికీ మీద వెతికేరు చూడండి, అది తెచ్చేను."

ఆయన కవర్లు ఒక్కొక్కటీ తీసి తేదీలు చదివారు. మెర్సీ బుక్కులో దగ్గులు రాసిన పేజీలు కూడా చూశారు. తర్వాత తన ఫైలు తెరిచారు. "నేనొచ్చిన రోజు ఒక ముక్క రాసుకున్నానమ్మా. మీ వీధిలో కొబ్బరిచెట్లు మనిషెత్తు దాకా తెల్లగా ఉన్నాయి, ఆ పైన నల్లగా ఉన్నాయి. అదేం జాతో నాకు తెలీలేదు."

"అవి మేం కడిగినవండి," అంది సుబ్బాయమ్మ తల దించుకుని. "అందుకే అడుగుతున్నాను బాబూ, ఈసారి చెప్పి రాకండి. చెప్తే మేం కడిగేస్తాం. మాకా జబ్బుంది. మాతోపాటు అటేపోళ్ళు కూడా కడిగేస్తారు."

"ఈ కవర్లు చూసి నేను ఆర్డరు రాయలేనమ్మా. మిషను పెట్టి కొలవాలి, ఇరవై నాలుగు గంటలు. దానికి ముందుగా చెప్పి రావాలని రూలేం లేదు," అన్నారాయన. కవర్లు ముట్టినట్టు మెర్సీకి రసీదు రాసిచ్చారు.

నాలుగో రోజు దక్షిణపు గాలి వలలు లేపేస్తుంటే జీపు వచ్చింది. మిషను సుబ్బాయమ్మ ఇంటి శ్లాబు మీద పెట్టారు. ఈసారి వీధంతా గీతకు అటూ ఇటూ తెలుపూ నలుపుగా ఉంది. గంటకల్లా సురేంద్ర బండి మీద వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? కావాలని చిమ్మకుండా వదిలేసి మా పేరు చెబితే ఎలా? ఊరన్నాక దుమ్ముండదా?"

"ఉంటదండి. ఆ సగం పదిహేను రోజుల్నించి చిమ్మలేదు, దాని సంగతి ఒదిలెయ్యండి," అంది సుబ్బాయమ్మ. "ఈ సగం పొద్దున ఆరింటికి చిమ్మేను. ఇప్పుడు పదకొండయింది. లోపలికి రండి, మంచినీళ్ళిస్తాను."

ముగ్గేసిన వాకిట్లోకి బూట్లతో ఎవరు వస్తారు. సురేంద్ర బూట్లు విప్పి, తెల్ల మేజోళ్ళతో నాలుగడుగులు వేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు తాగాడు. తిరిగి బూట్లు వేసుకోవడానికి కాలెత్తినప్పుడు మేజోడు అడుగు చూసుకున్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాసేపు కాలు అలాగే పట్టుకుని, "మా ఆవిడ కూడా రోజుకి రెండుసార్లు తడిగుడ్డ పెడుతుందండి," అని మెల్లగా అని, బూట్లు చేత్తో పట్టుకునే బండెక్కాడు. శ్లాబు మీద సత్యప్రసాద్ గారు మిషను వైపు తిరిగి ఏదో సరిచేస్తున్నట్టు నటించారు.

మర్నాడు మిషనులోంచి తీసిన తెల్లకాగితం అట్లపెనం అడుగులా ఉంది. ఉండదగ్గ దానికి మూడింతల పైన దుమ్ము లెక్క తేలింది. నోటీసు వెళ్ళింది, వారంలో విచారణ పెట్టారు. పల్లె నుంచి ముప్పై మంది ఆడవాళ్ళు ఆటోల్లో వెళ్ళి కూర్చున్నారు. కంపెనీ తరఫున కోటు వేసుకున్నాయన అరగంట ఇంగ్లీషులో మాట్లాడాడు. మెర్సీ పది నిమిషాలు తెలుగులో చదివింది. చివరికి ఆర్డరు వచ్చింది. గుట్టల ఎత్తు తగ్గించాలి, పట్టాలు ఎప్పుడూ కప్పి ఉంచాలి, పల్లె వైపు ఎత్తుగా తెర కట్టాలి, లారీల మీద కప్పు ఉండాలి, దక్షిణపు గాలి జోరుగా ఉన్నప్పుడు బొగ్గు దించకూడదు. ప్రతి సోమవారం పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు యార్డులోకి వెళ్ళి చూసి రావచ్చు.

కంపెనీ అన్నీ చేసిందా అంటే, చెయ్యలేదు. పట్టాలు కప్పారు, ఎత్తు తగ్గించారు. తెర సగం కట్టి మిగతా సగానికి మెటీరియల్ రావాలంటున్నారు. సోమవారం కమిటీ వెళ్ళి అడుగుతూనే ఉంది. యార్డు మూసెయ్యాలన్నవాళ్ళు పల్లెలో ఉన్నారు, ఆ మాట కూడా మెర్సీ బుక్కులో ఉంది.

మొదట్లో ఓడ సంగతి ఒకటి చెప్పాను. ఓడేం వెనక్కి పోలేదండి. ఉగాది ముందు గాలి ఎక్కువగా ఉందని, ఆర్డరు ప్రకారం నాలుగు రోజులు రేవు అవతల లంగరేసుకుని ఆగింది. గాలి తగ్గాక రేవుకొచ్చి, బొగ్గు దింపి, తన దారిన పోయింది. కెప్టెను దుర్భిణి పెట్టాడో లేదో ఎవరూ అడగలేదు. డెబ్బై వేల టన్నులని కూడా నేనే వేశాను, కొలిచినవాడెవడూ లేడు. సుబ్బాయమ్మ చేతిలో చీపురు మాత్రం ఉంది. అది రోజూ ఉండేదే.

ఆ నాలుగు రోజులే ఆమెకు పనికొచ్చాయి. పెదబాబు కొడుకుల వలలో నెత్తళ్ళు బాగా పడ్డాయి. ఈసారి ఇసుక మీద వెయ్యకుండా నడుమెత్తున వెదురు తడికలు కట్టి, వాటి మీద వల పరిచి ఎండేసింది. దించే బొగ్గు లేదు, తిరిగే లారీ లేదు. చేపలు తెల్లగా, విరిస్తే టక్కుమనేట్టు ఎండాయి.

ఉగాది వెళ్ళిన మూడో రోజు మండపేటలో బస్సు దిగింది. భీమరాజు స్టీలు గిన్నె బల్ల మీద పెట్టి నీళ్ళు పోశాడు. ఆమె గంప మధ్యలోంచి గుప్పెడు తీసి ఇచ్చింది, పైవి ఇవ్వలేదు. పైవి ఇస్తే మోసం అవుతుంది. భీమరాజు చేపలు నీళ్ళలో వేసి నలిపాడు. మిల్లు మేస్త్రి కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ముగ్గురూ గిన్నెలోకి చూశారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. గిన్నె అడుగున చెక్కిన భీమరాజు నాన్నగారి పేరు అక్షరం అక్షరం కనబడింది.

"దించండి పిన్నిగారూ," అన్నాడు భీమరాజు.

ఆమె గంప దించింది.

ఓడ కాక ఇందులో ఇంకొక్క ముక్క నేను కల్పించాను. అది ఈ తేట నీళ్ళే. మొదటి నీళ్ళు తేటగా రాలేదు, కొంచెం మసకేశాయి. సుబ్బాయమ్మే, "ఇంకా ఉంది భీమరాజూ, నిన్ను మభ్యపెట్టడం ఎందుకు," అంది. భీమరాజు ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాడు. రెండో నీళ్ళు తేటగా వచ్చాయి. "రెండో నీళ్ళకి తేరితే ఇసక కిందే లెక్కండి. మిల్లోళ్ళకి నేను చెప్పుకుంటాను. వచ్చే వారం గంప తెండి," అన్నాడు. అన్నది అంతే. మొదటి నీళ్ళు దాచేస్తే కథ బాగుంటుందని నేను దాచాను. మెర్సీ మాత్రం సోమవారం కమిటీ బుక్కులో మొదటి నీళ్ళే రాసింది.